సాహిత్య సన్నివేశాల ఎచింగ్‌లలో ప్రతీకలను చదవడం ఎలా? కాల్పనికోద్యమ కాలపు ముద్రాచిత్రాలకు ఒక మార్గదర్శిని

ఐరోపాలో కాల్పనికోద్యమం (రొమాంటిసిజం) బలంగా సాగిన రోజుల్లో, అంటే సుమారు 1790 నుంచి 1850 వరకు, షేక్‌స్పియర్, గోథే, మిల్టన్, డాంటేల రచనల్లోని సన్నివేశాలను గీసి అచ్చువేయడం ఎందరో చిత్రకారులకు ఇష్టమైన పని అయింది. ఆ ముద్రాచిత్రాల్లో చాలా భాగం ఇప్పుడు పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉచితంగా, రేఖ రేఖా కనిపించేంత పెద్ద పరిమాణంలో దొరుకుతోంది. అయితే వాటిని తెరిచి చూసేవారిలో చాలామంది పుర్రె అంటే మరణం, దీపం అంటే జ్ఞానం, విల్లో చెట్టు అంటే దుఃఖం అని ఎక్కడో చదివిన పట్టికలోని అర్థాలను అతికించి ముందుకు వెళ్లిపోతారు. ఈ పద్ధతి ఆ చిత్రాలకు అన్యాయం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ప్రతి చిత్రమూ ఒక గ్రంథంలోని ఒకానొక క్షణం కోసం గీసినదే కాబట్టి, ఆ క్షణానికి గ్రంథం ఏ వస్తువులిచ్చిందో, చిత్రకారుడు వాటికి ఏం చేర్చాడో, వేటిని వదిలేశాడో తేల్చుకున్న తరువాతే అందులోని ప్రతీకలు మాట్లాడతాయి.

గ్రంథంతో పోల్చి చదివే పద్ధతిని నేర్చుకోవడానికి ఫ్రెంచి చిత్రకారుడు థియోడోర్ షాసెరియో గీసిన ‘ఒథెల్లో’ చిత్రమాలను ముందు పెట్టుకోండి. ఇయాగో అనే కుటిలుడి మాటలు నమ్మి, నల్లజాతి సేనాని ఒథెల్లో తన భార్య డెస్డిమోనాను అనుమానించి చంపే షేక్‌స్పియర్ విషాదనాటకం అది. ఈ చిత్రమాలలో 15 ఎచింగ్‌లు, అంటే రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మలు, ఉన్నాయి. యూజీన్ ప్యో అనే ప్రచురణకర్త కోరిక మీద గీసిన ఈ చిత్రాలు 1844లో పారిస్‌లో వెలువడ్డాయి. అప్పటికి షాసెరియోకు పాతికేళ్లు. దీనికి తోడుగా జర్మన్ చిత్రకారుడు మోరిట్స్ రెట్ష్, గోథే ‘ఫౌస్ట్’ నాటకానికి గీసిన 26 రేఖాచిత్రాల మాలను కూడా దగ్గర ఉంచుకోండి. ఫౌస్ట్ అనే పండితుడు మెఫిస్టోఫిలిస్ అనే సైతానుతో ఒప్పందం చేసుకునే కథ అది. ఆ చిత్రమాల 1816లో జర్మనీలో వెలువడి, కొన్నేళ్లలోనే ఐరోపా అంతటా పాకింది.

ముందు సన్నివేశాన్ని చదివి వస్తువుల జాబితా రాయండి

చిత్రాన్ని తెరవకముందే నాటకంలోని ఆ సన్నివేశాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవండి. అనువాదంలో చదివినా ఫరవాలేదు, సంక్షిప్త కథ మాత్రం సరిపోదు. చదువుతున్నప్పుడు పాత్రల మాటల్లోనూ రంగసూచనల్లోనూ వచ్చే ప్రతి వస్తువును, దుస్తును, వెలుగును, శబ్దాన్ని, శరీర భంగిమను ఒక కాగితం మీద రాసుకోండి.

‘ఒథెల్లో’ నాలుగో అంకం మూడో దృశ్యాన్నే తీసుకుంటే, డెస్డిమోనా పడకగదిలో నిద్రకు సిద్ధమవుతుంటుంది. ఆమె చెప్పిన దుప్పట్లను మంచం మీద పరిచానని పరిచారిక ఎమిలియా అంటుంది. అవి పెళ్లినాటి దుప్పట్లని అంతకుముందు దృశ్యంలోనే మనకు తెలుస్తుంది. తాను ముందుగా చనిపోతే వాటిలోనే తనను చుట్టమని డెస్డిమోనా కోరుతుంది. తల్లి దగ్గర పనిచేసిన బార్బరీ అనే అమ్మాయి పాడుకుంటూ ప్రాణం విడిచిన విల్లో పాట గుర్తుకొచ్చి పాడటం మొదలుపెడుతుంది. ఆ పాటలోని అభాగ్యురాలు సికమోర్ చెట్టు కింద కూర్చుని, గుండె మీద చేయి వేసుకుని, మోకాలి మీద తల ఆనించుకుని ఉంటుంది. మధ్యలో ఎవరో తలుపు తట్టినట్టు అనిపిస్తుంది, గాలేనని ఎమిలియా చెబుతుంది. మీ జాబితాలో దుప్పట్లు, పాట, చెట్టు, గుండె మీది చేయి, మోకాలి మీది తల, గాలి అన్నీ ఉండాలి. ఆ తరువాత చిత్రం తెరిస్తే డెస్డిమోనా కూర్చున్న తీరును పాటలోని అభాగ్యురాలి భంగిమతో పోల్చి చూడగలుగుతారు. జాబితా రాసుకోనివారికి ఈ పోలిక తట్టే అవకాశమే లేదు.

ఏ పద్ధతిలో అచ్చయిందో చూడండి

మ్యూజియం వివరణలో పద్ధతి పేరు తప్పకుండా ఉంటుంది, దాన్ని దాటవేయకండి. ఎచింగ్‌లో రాగిరేకుకు మైనం వంటి పూత పూసి, సూదితో ఆ పూతను గీకి బొమ్మ గీస్తారు. రేకును ఆమ్లంలో ముంచితే గీకిన చోట లోహం తినేయబడి గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద ఒత్తుతారు. లితోగ్రాఫ్‌లో కొవ్వు కలిసిన క్రేయాన్‌తో నేరుగా రాయి మీదే గీస్తారు కాబట్టి పెన్సిల్ మసి వంటి మెత్తని నీడలు వస్తాయి. ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ డెలాక్రా 1828లో వెలువరించిన ‘ఫౌస్ట్’ చిత్రాలు లితోగ్రాఫ్‌లే, ఎచింగ్‌లు కావు.

ప్రతీకలు చదివేవారికి ఇది రెండు కారణాల వల్ల ముఖ్యం. మొదటిది, రేకు మీద గీసిన బొమ్మ కాగితం మీద అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. ఒథెల్లో ఎడమచేత్తో బాకు పట్టుకుని కనిపించినంత మాత్రాన అదొక సంకేతమని తీర్మానించకూడదు. చిత్రకారుడు తిరగబడటాన్ని పట్టించుకోకుండా గీసి ఉండవచ్చు. అదే చిత్రానికి ముందుగా వేసుకున్న పెన్సిల్ స్కెచ్ దొరికితే దానితో పోల్చి చూసిన తరువాతే కుడి ఎడమల గురించి మాట్లాడాలి.

రెండో కారణం రంగు లేకపోవడం. దీన్ని చాలామంది గమనించరు గాని, నా దృష్టిలో ఈ చిత్రాల్లోని ప్రతీకలకు ఇదే ఆయువుపట్టు. గోథే నాటకంలో మెఫిస్టోఫిలిస్ రెండోసారి ఫౌస్ట్ గదిలోకి వచ్చినప్పుడు తన వేషాన్ని తానే వర్ణిస్తాడు: బంగారు అంచు కుట్టిన ఎర్రని దుస్తులు, బిరుసైన పట్టు అంగీ, టోపీ మీద కోడిపుంజు ఈక, నడుముకు పొడవాటి కత్తి. తరువాత మంత్రగత్తె వంటగదిలో ఆమె తనను గుర్తుపట్టనప్పుడు, ఎర్రకోటు మీద గౌరవం లేదా, కోడి ఈకను ఆనవాలు పట్టలేవా అని గద్దిస్తాడు. అంటే సైతానుకు గుర్తులు ఎరుపూ ఈకా అని గ్రంథమే చెబుతోంది. కానీ రెట్ష్ చిత్రాల్లో రంగు లేదు, నీడ కూడా లేదు, ఉన్నది సన్నని బాహ్యరేఖ ఒక్కటే. ఎరుపు పోయింది కాబట్టి ఆ భారమంతా ఈక మీద పడింది. ఆ చిత్రమాలలో మెఫిస్టోఫిలిస్ టోపీని వరుసగా చూస్తూ వెళ్లండి. జనం మధ్య నిలబడినా అతని ఆకారం వెంటనే కంటికి ఆనేది ఆ పొడవాటి ఈక వల్లనే.

మంత్రగత్తెలు కొండ మీద చేరే వాల్‌పూర్గిస్ రాత్రి దృశ్యంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. ఫౌస్ట్‌కు తాను ప్రేమించిన మార్గరెట్ రూపం కనిపిస్తుంది, ఆమె మెడ చుట్టూ కత్తి వీపు కంటే వెడల్పు లేని ఒక ఎర్రని గీత ఉంటుంది. ఆమెకు పడబోయే శిరచ్ఛేదానికి అది సూచన. ఈ దృశ్యాన్ని ఎవరు గీసినా, నల్ల సిరాలో ఆ ఎర్రని గీతను ఎలా చూపారు, చూపారా వదిలేశారా అన్నది ముందుగా వెతకండి.

చిత్రం కింది వాక్యాన్ని పట్టుకోండి

షాసెరియో ఎచింగ్‌ల కింద నాటకంలోని ఒక మాటనో చిన్న వాక్యాన్నో చెక్కారు. ‘నేను నీకంటే ముందు చనిపోతే’ అన్న డెస్డిమోనా మాట ఒక చిత్రం కింద ఉంటుంది, ‘అయినా ఆమె రక్తం చిందించను’ అన్న ఒథెల్లో మాట మరొకదాని కింద ఉంటుంది. దృశ్యం చాలా నిమిషాలు నడుస్తుంది, చిత్రం మాత్రం ఒక్క క్షణం దగ్గర నిలబడుతుంది. ఆ క్షణం ఏదో కింది వాక్యమే తేలుస్తుంది.

నాటకంలో ఆ వాక్యానికి ముందూ వెనకా ఉన్న నాలుగైదు పంక్తులను మళ్లీ చదవండి. ‘రక్తం చిందించను’ అన్న వెంటనే ఒథెల్లో, మంచు కంటే తెల్లనైన, సమాధి మీది పాలరాతి బొమ్మంత నునుపైన ఆమె చర్మాన్ని గాయపరచనని అంటాడు. ఐరోపా చర్చిల్లో గొప్పవారి సమాధుల మీద, చేతులు జోడించి వెల్లకిలా పడుకున్నట్టు చెక్కిన రాతి బొమ్మలు ఉంటాయి. బతికున్న భార్యను ఒథెల్లో అప్పుడే సమాధి శిల్పంగా చూస్తున్నాడన్నమాట. ఆ చిత్రంలో మంచం మీద పడుకున్న డెస్డిమోనా భంగిమను ఈ ఎరుకతో చూడండి. ఆ తరువాత ఆమె శరీరం మీద గీతలు ఎంత తక్కువగా ఉన్నాయో గమనించండి. ఎచింగ్‌లో తెలుపు అంటే సూది తాకని కాగితమే. ఒథెల్లో శరీరం మాత్రం అడ్డంగా, ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పడిన గీతల సాంద్రతతో ఏర్పడుతుంది.

ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. తెలుపు అంటే మంచి, నలుపు అంటే చెడు అన్న తేలిక సమీకరణానికి ఈ ఎచింగ్‌లు లోబడవు, ఎందుకంటే నాటకమే దానికి లోబడదు. మొదటి దృశ్యంలో ఒథెల్లోను ‘ముసలి నల్ల పొట్టేలు’ అని తూలనాడేది ఇయాగో. అతని నోట వచ్చే నలుపు ద్వేషం పలికించిన నలుపు. అదే అంకంలో వెనిస్ పాలకుడు డెస్డిమోనా తండ్రితో, సద్గుణానికి అందం తక్కువ కాకపోతే మీ అల్లుడు నలుపు కంటే తెలుపే ఎక్కువ అంటాడు. షాసెరియో స్వయంగా కరేబియన్‌లోని హిస్పానియోలా ద్వీపంలో, సమానా ప్రాంతంలో పుట్టి చిన్నతనంలోనే పారిస్ చేరినవాడు. ఒథెల్లో ముఖాన్ని ప్రతి చిత్రంలోనూ దగ్గరగా చూడండి. గీతల చీకటిలోనూ కళ్లలో కనిపించే బాధను పట్టించుకోకుండా చేసే వ్యాఖ్యానం ఏదైనా ఇయాగో పక్షాన నిలబడినట్టే.

జాబితాను చిత్రంతో సరిచూడండి

ఇప్పుడు మీ జాబితాను చిత్రం పక్కన పెట్టి మూడు గుంపులు చేయండి. గ్రంథంలోనూ చిత్రంలోనూ ఉన్నవి మొదటి గుంపు, గ్రంథంలో ఉండి చిత్రంలో లేనివి రెండోది, చిత్రంలో మాత్రమే ఉన్నవి మూడోది. మొదటి గుంపు మీద ఎక్కువ సమయం పెట్టకండి. మీ శ్రమంతా మూడో గుంపు మీద ఉండాలి.

విల్లో పాట చిత్రంలో డెస్డిమోనా దగ్గర లైర్ అనే తంత్రీవాద్యం ఉంటుంది. షేక్‌స్పియర్ దృశ్యాన్ని ఎన్నిసార్లు చదివినా అందులో వాద్యం కనిపించదు. ఆమె దుస్తులు మార్చుకుంటూ, మధ్యమధ్య ఎమిలియాతో మాట్లాడుతూ, ఆగి ఆగి పాడుతుంది. మరి ఈ వాద్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఇటలీ సంగీతకారుడు రొస్సీనీ స్వరపరచిన ‘ఒటెల్లో’ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) నుంచి. 1816లో నేపుల్స్‌లో మొదటిసారి ప్రదర్శించిన ఆ ఒపెరా మూడో అంకంలో డెస్డిమోనా విల్లో పాటను హార్ప్ అనే తంత్రీవాద్యం సహకారంతో పాడుతుంది, ఉన్నట్టుండి గాలి విసురుకు కిటికీ అద్దం పగులుతుంది. పారిస్ రంగస్థలం మీద మరియా మాలిబ్రాన్ అనే గాయని ఆ పాత్రలో ప్రేక్షకులను ఉర్రూతలూగించింది, 1836లో ఎంతో చిన్న వయసులోనే చనిపోయింది. 1844లో ఈ ఎచింగ్ కొన్న పారిస్ పాఠకుడికి విల్లో పాట అంటే ముందు చెవిలో మోగేది రొస్సీనీ స్వరమే.

కాబట్టి ఆ లైర్‌ను ‘సంగీతానికి చిహ్నం’ అని రాసి వదిలేయకండి. నాటకంలోని డెస్డిమోనా ఒక పనిమనిషి పాటను గుర్తుచేసుకుని పాడే మామూలు మనిషి. వాద్యం పక్కన చేరేసరికి ఆమె గాయని అవుతుంది, తన మరణానికి తానే పాట కట్టుకునే కవయిత్రిలా కనిపిస్తుంది. కాల్పనికోద్యమం కళాకారుల గురించి కన్న కల అంతా ఆ వాద్యంలో ఉంది. షాసెరియోకు ఈ ఊహ ఎంత నచ్చిందంటే, 1849 నాటి తన వర్ణచిత్రంలోనూ డెస్డిమోనా పక్కన లైర్‌ను ఉంచాడు.

మొదటి గుంపులో ఉన్నా ఆగి చూడదగిన వస్తువు ఒకటుంది, అది ఒథెల్లో డెస్డిమోనాకు కానుకగా ఇచ్చిన చేతిరుమాలు. అది వేరొకరి దగ్గర కనిపించేలా చేసే ఇయాగో ఒథెల్లో అనుమానాన్ని పెంచుతాడు. దాని మీద స్ట్రాబెర్రీ పండ్ల కుట్టుపని ఉందని, ఒక ఈజిప్టు స్త్రీ దాన్ని ఒథెల్లో తల్లికి ఇచ్చిందని నాటకం చెబుతుంది. అయితే ఫ్రెంచి శాస్త్రీయ విషాదనాటక మర్యాదకు రుమాలు అనే మాట నీచమైనది. 1792లో నాటకకర్త ద్యూసీ తన ఫ్రెంచి అనుసరణలో రుమాలు తీసేసి వజ్రాల పట్టీ పెట్టాడు. 1829లో కవి ఆల్‌ఫ్రెడ్ ద విన్యీ అనువాదం పారిస్‌లోని కొమెడీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో ప్రదర్శించినప్పుడు రుమాలు అన్న మాట వేదిక మీద వినపడగానే ప్రేక్షకుల్లో గగ్గోలు పుట్టింది. ఈ చరిత్ర తెలిస్తే, ఫ్రెంచి చిత్రకారుడు గీసిన ఒథెల్లో కథలో రుమాలు కనిపించిన చోటల్లా అది దాంపత్య విశ్వాసానికే కాక, కొత్త సాహిత్యపు స్వేచ్ఛకు కూడా గుర్తుగా నిలుస్తుందని గ్రహిస్తారు.

చేర్పులకు మూలం వెతకండి, మన అర్థాలను అక్కడికి మోసుకుపోకండి

గ్రంథంలో లేని వస్తువు కనిపిస్తే రంగస్థలం, ఒపెరా, పాత చిత్రాలు, ఇంతకుముందు అదే గ్రంథానికి వచ్చిన బొమ్మలు, ఈ వరుసలో వెతకండి. డెలాక్రా ‘ఫౌస్ట్’కు ముందు రెట్ష్ చిత్రాలను చూశాడు, 1825లో లండన్‌లో ఆ కథ నాటకంగా ఆడుతుంటే చూశాడు. ఆయన చిత్రాల్లో కొన్ని భంగిమలు పుస్తకం కంటే వేదికకే దగ్గరగా ఉండటానికి కారణం ఇదే.

తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసే మనకు పాము పూజ్యమైన ప్రాణి. జాన్ మార్టిన్ 1820లలో మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ కావ్యానికి చేసిన మెజోటింట్ (రేకును ముందుగా గరుకు చేసి, వెలుగు కావలసిన చోట నునుపు చేసే ముద్రణ పద్ధతి) చిత్రాల్లోని సర్పం మొదటి స్త్రీ ఈవ్‌ను ప్రలోభపెట్టే సైతాను. పుర్రె కూడా అంతే. మనకు అది కాలభైరవుణ్ణి, కపాలధారి శివుణ్ణి తలపిస్తుంది. ఫౌస్ట్ గదిలోని పుర్రె మాత్రం, చదువు ఎంత పోగేసినా చావు తప్పదని హెచ్చరించే ఐరోపా చిత్రకళా సంప్రదాయం నుంచి వచ్చింది. గోథే నాటకంలో ఫౌస్ట్ విషపాత్రను చేతిలోకి తీసుకోబోయే ముందు ఆ పుర్రెతోనే మాట్లాడతాడు.

ఒక్క చిత్రంతో ఆగకుండా మాల మొత్తం చూడండి

ఒక వస్తువు ప్రతీక అవునో కాదో తేల్చడానికి పునరావృతం మంచి సాక్ష్యం. దీనికి నాకు తెలిసిన అతి చక్కని ఉదాహరణ ఎచింగ్ కాదు, ఆంగ్ల కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ రాగిరేకు మీద ఉలితో చెక్కి 1826లో వెలువరించిన ‘యోబు గ్రంథం’ చిత్రమాల. కష్టాలతో పరీక్షకు గురైన భక్తుడు యోబు కథ బైబిల్‌లోనిది. మొదటి చిత్రంలో యోబు కుటుంబం చెట్టు కింద మోకరిల్లి ఉంటుంది, ఒడిలో పుస్తకాలు తెరిచి ఉంటాయి, వాద్యాలన్నీ చెట్టుకు వేలాడుతుంటాయి. చివరి చిత్రంలో అదే కుటుంబం అదే చెట్టు కింద నిలబడి ఆ వాద్యాలను వాయిస్తుంటుంది. ఈ మార్పుకు తాళంచెవి కూడా బ్లేక్ మొదటి చిత్రం అంచులోనే పెట్టాడు. అక్షరం చంపుతుందని, ఆత్మ జీవింపజేస్తుందని చెప్పే బైబిల్ వాక్యం అక్కడ చెక్కి ఉంటుంది. చిత్రమాల తన ప్రతీకలకు తానే వ్యాఖ్యానం రాసుకున్న ఇలాంటి చోట బయటి పట్టికలతో పనే లేదు.

మాలలో ఒకే వస్తువును పట్టుకుని మొదటి నుంచి చివరి వరకు వెంబడించండి. షాసెరియో మాలలో నేనైతే చేతులను వెంబడించమంటాను. ఎవరి చేయి ఎవరిని తాకుతోంది, ఎవరి చేయి శూన్యంలో ఆగిపోయింది, డెస్డిమోనా చేయి ఎప్పుడు పట్టు వదిలింది అన్నవి వరుసగా రాసుకుంటే ఒథెల్లో అనుమానం పెరిగే క్రమం మీ కాగితం మీదే కనిపిస్తుంది.

మీ వ్యాఖ్యానాన్ని రాసి, దాన్ని పరీక్షించండి

చిత్రానికి ఒక పేరా చొప్పున రాయండి. అందులో కింది వాక్యం, గ్రంథంలోని క్షణం, చేర్పు, దాని మూలం, చివరగా ఆ చేర్పు సన్నివేశం అర్థాన్ని ఎటు తిప్పింది అన్నవి ఉంటే చాలు. డెలాక్రా 1843లో వెలువరించిన ‘హామ్లెట్’ లితోగ్రాఫ్‌లలోని, హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా మరణాన్ని నమూనాగా తీసుకోండి. ఆ సంఘటన నాటకంలో వేదిక మీద జరగదు, రాణి గెర్‌ట్రూడ్ వచ్చి చెబుతుంది. ఆమె కథనంలో విల్లో కొమ్మ విరిగి ఒఫీలియా వాగులో పడుతుంది, దుస్తులు పరుచుకుని కాసేపు తేలుతుంది, తన ఆపద తనకే తెలియనట్టు పాత పాటలు పాడుతుంది. డెలాక్రా ఒఫీలియా ఒక చేత్తో పూలను గుండెకు హత్తుకుని, రెండో చేత్తో కొమ్మను పట్టుకుని ఉంటుంది. విరిగిపోయిన కొమ్మ ఇక్కడ పట్టుకొమ్మ అయింది. రాణి మాటల్లో ఆపద ఎరగని పిల్ల, చిత్రంలో బతుకుకూ చావుకూ నడుమ వేలాడే స్త్రీ అయింది. పూలను వదిలేస్తే రెండు చేతులతో కొమ్మను పట్టుకోవచ్చు, ఆమె వదలడం లేదు.

రాసిన తరువాత ఆ వస్తువును మనసులోనే చిత్రం నుంచి తీసేసి చూడండి. సన్నివేశం అర్థం మారకపోతే అది ప్రతీక కాదు, గది అలంకారమే. 1910లో బ్లేక్ మీద పరిశోధన చేసిన జోసెఫ్ విక్‌స్టీడ్, బ్లేక్ చిత్రాల్లో కుడి చేయి, కుడి పాదం ఆత్మకూ, ఎడమవి లౌకికానికీ గుర్తులని ప్రతిపాదించాడు. ఆ సూత్రం కొన్ని చిత్రాలను అద్భుతంగా వెలిగిస్తుంది, కానీ ప్రతి పాదానికీ దాన్ని వర్తింపజేయబోతే చిత్రం లెక్కల పుస్తకంగా మారుతుంది. మీకు దొరికిన ఏ సూత్రానికైనా అదే హద్దు పెట్టుకోండి.

చీకటి గాఢతను ఆధారం చేసుకుని ఏదైనా రాసి ఉంటే, అదే చిత్రపు మరో ప్రతిని ఇంకో మ్యూజియంలో వెతికి పోల్చండి. రాగిరేకు అచ్చు వేసిన కొద్దీ అరిగిపోతుంది. తొలి ప్రతుల్లో చిక్కని నలుపుగా ఉన్న మూల, ఆలస్యంగా తీసిన ప్రతిలో బూడిదరంగుకు దిగిపోవచ్చు. నకళ్లతోనూ ఇదే జాగ్రత్త. రెట్ష్ ‘ఫౌస్ట్’ చిత్రాలను 1820లో లండన్‌లో హెన్రీ మోజెస్ తిరిగి చెక్కాడు, ఈ రెండు మాలలూ ఇంటర్నెట్‌లో కలగాపులగంగా దొరుకుతాయి కాబట్టి చెక్కినవారి పేరు చూడకుండా రేఖ గురించి తీర్పు చెప్పవద్దు.

‘ఒథెల్లో’ 15 చిత్రాలూ పూర్తయ్యాక, రెట్ష్, డెలాక్రా ఇద్దరూ గీసిన ‘ఫౌస్ట్’ సన్నివేశాలను జతలుగా పక్కపక్కన పెట్టి ఇదే పని చేయండి. డెలాక్రా చిత్రాలు కొన్నింటిని 1826లో చూసిన గోథే, తాను రాసిన సన్నివేశాలను తాను ఊహించిన దానికంటే మించి ఆయన చూపాడని తన సహచరుడు ఎకర్‌మన్‌తో అన్నాడు. ఏ చేర్పు ఆ మాట అనిపించిందో మీరే వెతకండి. డెలాక్రా మాలలోని మొదటి చిత్రంతో, అంటే చర్చి గోపురాలున్న నగరం మీదుగా రెక్కలు చాచి ఎగిరే మెఫిస్టోఫిలిస్‌తో మొదలుపెట్టడం మంచిది. నాటకంలో అలా ఎగిరే దృశ్యం లేదు కనుక మీ మూడో గుంపు మొదటి చిత్రంలోనే నిండిపోతుంది.